సాయంత్రం చెప్పాల్సిన జవాబు

జూన్ 8, శనివారం

నిన్న కాకి రాలేదు.

మూడొద్దులకు పిట్టకు పెట్టాం. శ్మశానంలో, కంపెనీ గోడ పక్కన విస్తరి పరిచి అన్నకు ఇష్టమైనవన్నీ పెట్టారు. బోటి కూర, మిరపకాయ బజ్జీలు, కల్లు సీసా. నాన్న లేని మా ఇంటికి పెద్దదిక్కు ఓదెలు పెద్దబాపు కూల్‌డ్రింక్ కూడా తెచ్చి, మూత తీసి మరీ పెట్టాడు, కాకికి మూత తీయడం రాదని కాబోలు. అందరం వెనక్కి జరిగి నిలబడ్డాం. ఎండ మాడ్చేస్తోంది. ఆకాశంలో ఒక్క రెక్క లేదు. మా బొల్లారంలో కాకులు ఎప్పుడు తగ్గిపోయాయో నాకు గుర్తు లేదు. అవసరం పడేదాకా ఎవరూ చూసుకోలేదు.

పిట్ట ముట్టలేదంటే పోయినవాళ్లకు కోరికేదో మిగిలినట్టు. అందుకని ఒక్కొక్కరే విస్తరి దగ్గరికి వెళ్లి మాట ఇవ్వడం మొదలుపెట్టారు. అమ్మ "మీద రూము ఏపిస్త కొడుకా, రా" అంది. రాలేదు. అన్న బండిని ఎవరికీ ఇవ్వనని, రోజూ తానే తుడుస్తానని పెద్దబాపు చెప్పాడు. రాలేదు. ఎవరో ఏడుపాయల అమ్మవారి మొక్కు గుర్తు చేశారు. దానికీ రాలేదు. జ్యోతి వదినను ముందుకు తోశారు. ఆమె విస్తరి వైపు చూసి, నోరు తెరవకుండా వెనక్కి వచ్చేసింది. ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు. చివరికి రెండు పావురాలు వచ్చి వాలబోతే అమ్మ రాయి పెట్టి కొట్టింది. పావురం లెక్కలోకి రాదట.

నన్ను ఎవరూ అడగలేదు. పెళ్లికాని చెల్లెలికి అక్కడ పనేముంది? కానీ ఆ కోరికేదో నాకు ఒక్కదానికే తెలుసు.

జూన్ 9, ఆదివారం

రాసి పెట్టుకోవాలి. లేకపోతే మాటలు మారిపోతాయి.

బుధవారం పొద్దున అన్న నన్ను బండి మీద బస్ పాయింట్ దగ్గర దింపాడు. చిన్నప్పటి నుంచి మా ఇద్దరికీ ఒక ఆట ఉంది. ఒకరు ఏ సంబంధమూ లేని రెండు పేర్లు చెప్పాలి, రెండోవాళ్లు ఆ రెండింటిలో ఉన్న ఒకే సంగతి పట్టుకోవాలి. ఉప్పు, పెద్దబాపు అంటే, ఇద్దరూ కాస్త తడి తగిలితే చాలు కరిగిపోతారు. బర్రె, మా ల్యాబ్ మేనేజర్ అంటే, ఎదురుగా మనిషి నిలబడ్డా పట్టించుకోకుండా నములుతూనే ఉంటారు. ఇంత వయసొచ్చాక ఇదేం ఆటని వదిన నవ్వేది. ఆ రోజు కంపెనీ బస్సు దూరంగా కనిపించాక, అన్న బండికి స్టాండు వేసి అన్నాడు.

"ఇయ్యాల రెండు గాదే. అన్నీ. ఉప్పు, బర్రె, నువ్వు, నేను, మీదున్న చుక్కలు. ఉన్నయన్నిట్ల ఒక్కటుండాలె గద. ఏందది?"

నేను ఆలోచించేలోపే లింగన్న హారన్ కొట్టాడు. లింగన్న మా బస్సు డ్రైవర్, ఎవరి కోసమూ ఆగడు. అన్న నా టిఫిన్ డబ్బా అందిస్తూ, "జల్దేం లేదు, సాయంత్రం చెప్పు" అన్నాడు.

మధ్యాహ్నం ముత్తంగిలో, తను పనిచేసే గోదాము నుంచి భోజనానికి బయటికి వచ్చినప్పుడు, సర్వీసు రోడ్డు మీద లారీ. ఇంతకన్నా రాయను.

అన్న జవాబు కోసం ఆగి ఉన్నాడు. అంతే. రూమూ కాదు, బండీ కాదు, మొక్కూ కాదు.

నాకు కాకుల మీద నమ్మకం లేదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, మందుల కంపెనీ ల్యాబ్‌లో రోజూ పొడులు పరీక్షించేదాన్ని. కానీ ఒక మాట అనుకుని, అది సరో కాదో ఒక పిట్టను అడిగి చూస్తే పోయేదేముంది? పరీక్షే కదా.

తిన్నాను.

జూన్ 10, సోమవారం

అమ్మ కొత్త పద్ధతి పెట్టుకుంది. పొద్దున్నే వండి, స్లాబు మీద విస్తరి వేసి, అన్నం, కూర పెట్టి, మెట్ల దగ్గర నీడలో కూర్చుంటుంది. పిట్ట ముట్టేదాకా తాను ముట్టదట. చాయ్ తాగుతుంది, అది అన్నం కాదు కాబట్టి. షుగర్ గోళీ వేళకు వేసుకుంటుంది, అది మందు కాబట్టి. గోళీ వేసుకుని తినకపోతే కళ్లు తిరిగి పడిపోతావని చెప్పాను. ఆ గోళీలో కలిసే పొడిని పరీక్ష చేసేదే నేనని, నాకు తెలియదా అని అరిచాను కూడా.

"వాడు ఆకలి మీద తిరుగుతుంటె నేనెట్ల తింటనే?" అంది.

పొద్దు గూకాక విస్తరి ఎత్తి కుక్కకు వేసి, తాను రెండు ముద్దలు మింగింది. అదీ నేను ఎదురుగా కూర్చుంటేనే.

అమ్మ చాయ్ కోసం కిందికి దిగినప్పుడు నేను విస్తరి దగ్గర వంగి మెల్లగా చెప్పాను: బరువు. ఉన్నవాటన్నిటికీ బరువుంటుంది. చెప్పి చాలాసేపు కూర్చున్నాను. సూర్యుడు సరిగ్గా మొహం మీద కొడుతున్నాడు. అప్పుడు తట్టింది, ఈ వెలుతురుకు బరువేదని. ఛీ, ఇంటర్ పిల్లలు కూడా ఇంత తప్పు చెప్పరు.

నేనూ అమ్మతో పాటే తిన్నాను.

జూన్ 12, బుధవారం

డ్యూటీకి వెళ్లాను. బస్ పాయింట్ దాకా నడిచాను. లింగన్న హారన్ కొట్టలేదు. బస్సు పూర్తిగా ఆపేసి, నేను ఎక్కి కూర్చునేదాకా గేరు వేయలేదు. ఏమైనా అంటాడేమోనని భయపడ్డాను. ఏమీ అనలేదు. మంచి మనిషి.

ల్యాబ్‌లో నాకు ఎండబెట్టే పరీక్ష ఇచ్చారు, తేలిక పని అని. పొడిని గాజు సీసాలో వేసి తూచి, ఓవెన్‌లో పెట్టి, చల్లారాక మళ్లీ తూచాలి. ఎంత పొడిగా కనిపించినా ఎంతో కొంత తగ్గుతుంది. ఇన్నేళ్లుగా చేస్తున్న పనే. ఇవాళ మాత్రం కాటా మీది అంకెను రెండుసార్లు చదివాను. ప్రతిదానిలోనూ కంటికి కనపడకుండా పోయేదేదో ఉంది. కాలిస్తే అన్నీ తగ్గుతాయి. అన్నా, దొరికింది, ఇదే!

ఆగలేక పక్క సీటు మహాలక్ష్మి గారికి చెప్పాను. ఆవిడ పూర్తి పేరు కనకమహాలక్ష్మి, శ్రీకాకుళం వైపు మనిషి. ఆవిడ ఖాళీ సీసాను పట్టకారుతో పైకెత్తి, మరి దీని సంగతేమిటి అని అడిగింది. నిజమే. ఆ సీసాను ముందే కాల్చి కాల్చి ఉంచుతాం, ఇంక తగ్గడానికి ఏమీ మిగలకుండా. దాన్ని ఎన్నిసార్లు తూచినా అంతే. రోజూ చేత్తో పట్టుకునేదాన్ని మరచిపోయి పెద్ద సిద్ధాంతం చెప్పాను.

అయినా ఇంటికి వచ్చాక విస్తరి దగ్గర చెప్పి చూశాను, తప్పని తెలిసి కూడా. రాలేదు.

మధ్యాహ్నం డబ్బా తిన్నాను. మొత్తం.

జూన్ 14, శుక్రవారం

దినాలు అయిపోయాయి. ఇవాళా రాలేదు. అయ్యగారు రెండుసార్లు గడియారం చూసుకుని, నీళ్లలో కలిపేయండి, అయినా చెల్లుతుందన్నాడు. అందరూ తలూపారు. వాళ్లకు ఆకలి. అమ్మ మాత్రం "మీకు చెల్లుతది, నాకు చెల్లది" అని కొంగు దులుపుకుని వచ్చేసింది.

సాయంత్రం వదిన కందికి, పుట్టింటికి బయల్దేరింది. బట్టలు సర్దుతుంటే దగ్గర కూర్చున్నాను. సంచీ జిప్పు పట్టడం లేదు. దాన్ని లాగుతూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"అందరు నన్ను తప్పు పడుతున్నరు, ఒక్క మాట గూడ చెప్పలేదని. చెప్దామనే పోయిన రవళీ. నేను మంచిగ బతుకుత, నువ్వు ఫికర్ జేయకు అని. చెప్తె గూడ కాకి దిగకపోతె? నా ఫికరు ఆయనకు లేకుండెనని గద. అది తెల్సుకోని నేనెట్ల బతకాలె?"

నేను ఆ జిప్పు మీద చేయి వేసి లాగాను. అది ఊడి వచ్చింది. ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం. అప్పుడు నేను వదినను పట్టుకుని ఏడవాలి. ఎవరైనా అదే చేస్తారు. నేను లేచి పిన్నీసు తెచ్చాను.

జూన్ 17, సోమవారం

అన్నీ మారతాయి. ఇది మూడు రోజుల నుంచి మనసులో ఉంది, గట్టి జవాబే అనిపించింది. కానీ అన్నీ మారతాయనే సంగతి మాత్రం మారదు కదా. ఇవాళ బస్సులో ఉండగా తట్టింది. ఎవరూ చెప్పకముందే నాకే తట్టినందుకు కాస్త సంతోషం.

తిన్నాను.

జూన్ 19, బుధవారం

సిగ్గు విడిచి అందరినీ అడుగుతున్నాను. లింగన్నను దిగేముందు అడిగితే, "అన్ని ఏదో ఒకటి తాగుతయ్ మేడం, తాగకుంటె నడవయ్" అన్నాడు. డీజిల్ పోయించుకుని వస్తున్నాడు, అదే బుర్రలో ఉంది. రాయి ఏం తాగుతుంది? మహాలక్ష్మి గారు దేవుడంది. ఆవిడకు ఏది అడిగినా దేవుడే. ఓవెన్ పాడైనా దేవుడే.

పెద్దబాపు వాకిట్లో కూర్చుని చాయ్ తాగుతుంటే ఆయన్నూ అడిగాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"ఇందుల అడిగేదేముంది బిడ్డా? ఉన్నదంత పోయేదే. గంతే."

నేను లోపలికి వచ్చి గిన్నెలు తోమాను. తోమినవి మళ్లీ తోమాను. అది జవాబు కాదు. అన్న అడిగింది ఉన్నవాటిలో ఏముందని. పోవడం ఉండటం ఎలా అవుతుంది? ముసలాయనకు తోచక ఏదో అన్నాడు. ఆ మాట నేను విస్తరి దగ్గర అనను. అనే ప్రసక్తే లేదు.

జూన్ 23, ఆదివారం

హత్నూర వెళ్లాం.

ఆలోచన పెద్దబాపుది. ఆయన బిడ్డ రాజవ్వను అక్కడ ఇచ్చారు. అక్కడ చేన్లలో కాకులు కావలసినన్ని. ముందైతే గంప కింద ఒకదాన్ని పట్టి తెస్తానన్నాడు. పట్టి తెచ్చిన కాకి భయానికి తింటుంది గానీ ప్రేమకు తినదని అమ్మ ఒప్పుకోలేదు. సరే, మనమే పోదామన్నాడు. అమ్మ మూడు రోజులు ఆలోచించి ఊ అంది. షేర్ ఆటోలో ఒళ్లో బోటి కూర గిన్నె పెట్టుకుని కూర్చున్నాం. వాసనకు పక్కనున్నామె ఏ ఫంక్షనమ్మా అని అడిగింది. పెద్దబాపు మొహం పక్కకు తిప్పుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. అన్న ఉంటే ఈ సంగతి పది మందికి చెప్పేవాడు.

రాజవ్వ వాళ్ల పత్తి చేను గట్టు మీద విస్తరి వేశాం. నేను సర్దుతున్నట్టు వంగి చెప్పాను: జాగా. ఉన్నదేదైనా ఎంతో కొంత జాగా తీసుకుంటుంది. ఉప్పు రవ్వకూ జాగా కావాలి, చుక్కకూ కావాలి. నేను లేచి పదడుగులు వేశానో లేదో ఒకటి దిగింది. దాని వెనక ఇంకోటి. చూస్తుండగానే గుంపు. బోటి ముక్క కోసం కొట్టుకున్నాయి. నాకు కాళ్లు ఆగలేదు. రాజవ్వ చేతులు పట్టుకుని ఊపేశాను. పెద్దబాపు కళ్లు మూసుకుని దండం పెట్టాడు.

అమ్మ కదల్లేదు. విస్తరి ఖాళీ అయ్యేదాకా చూసింది.

"ఇవి ఈ ఊరోళ్ల పెద్దలు" అంది. "మనోడు గాదు."

పెద్దబాపుకు కోపం వచ్చింది. "కాకికి ఆధార్ కార్డు ఉంటదా మల్లవ్వా? ఏ ఊరిదైతేంది?"

"వాడు పుట్టింది బొల్లారంల. ఇంటికి తొవ్వ వానికి తెల్వదా బావా? గీడికి ఎందుకొస్తడు?"

రాజవ్వ అన్నం పెట్టింది. అమ్మ కంచం ముందు కూర్చుని లేచింది.

ఆటోలో వస్తూ నాకు నేనే అడ్డు చెప్పుకున్నాను, అమ్మ అన్నదానికి కాదు, నా జవాబుకే. అన్న ఇంట్లో లేడు. ఆ లేకపోవడం వాకిట్లో, వంటింట్లో, మెట్ల మీద, బాత్‌రూమ్ తలుపు వెనక కూడా ఉంది. లేనిదే ఇంత జాగా తీసుకుంటుంటే, ఇంక జాగాను ఉన్నవాటి గుర్తుగా ఎలా చెప్పను? నాకు చాలా ఏడుపొచ్చింది. ఆటో నిండా జనం. ఆపుకున్నాను.

రాజవ్వ దగ్గర తిన్నాను.

జూన్ 26, బుధవారం

మహాలక్ష్మి గారితో గొడవ. క్యాంటీన్లో అందరి ముందూ నా డబ్బా మూత తీసి చూసింది. ఖాళీ. చూశారుగా, తిన్నానన్నాను.

"నువ్వు తినడమేంటమ్మా?" అంది. "గేటు దగ్గర కుక్క మూడు వారాల్లో బలిసిపోయింది, నువ్వేమో చీపురుపుల్లలా అయిపోయావు. రోజూ నీ వెనకాల తోకూపుకుంటూ వస్తాది, నాకు కళ్లు లేవనుకున్నావా?"

ఆవిడకు పని లేదు. మూడు వారాలు కూడా కాలేదు. రెండే. ఎప్పుడైనా మిగిలితే వేస్తాను, అన్నం పారేయకూడదని. అయినా చూడాల్సింది నన్ను కాదు, అమ్మను. అమ్మ జాకెట్లు వదులైపోయాయి. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. నాకేమీ కాలేదు.

జూన్ 28, శుక్రవారం

అమ్మ మెట్ల మీద పడిపోయింది.

స్లాబు మీది నుంచి దిగుతూ మూడో మెట్టు మీద. పక్కింటివాళ్లు ఫోన్ చేస్తే ల్యాబ్ నుంచి అలాగే పరిగెత్తాను, కోటు కూడా విప్పలేదు. పటాన్‌చెరు ఆసుపత్రిలో గ్లూకోజ్ ఎక్కిస్తున్నారు. షుగర్ బాగా పడిపోయిందట. డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి తిట్టింది. గోళీ మింగించి పస్తులు ఉంచుతారా, చదువుకున్నదానివి కదా, ఇంకోసారి ఇలా పడితే లేవకపోవచ్చు అంది. నేను తలూపాను. మావాడు కాకి రూపంలో రావడం లేదండీ అని ఎలా చెప్పను?

అమ్మ కళ్లు తెరిచాక ఆ సీసా వైపు చూసి, ఇది నోటితో తిన్నది కాదు కాబట్టి తప్పు లేదంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

"నెల మాసికం దాక సూస్త రవళీ. గా దినం గూడ రాకపోతె ఇగ గోళీ గూడ ఎయ్యకు నాకు."

"ఏందమ్మా ఆ మాట?"

"వానికి ఏం కావాల్నో తల్లినై నాకే తెల్వకపాయె. ఇగ నాకు గోళీలెందుకు?"

మాసికం వచ్చే శుక్రవారం. నా దగ్గర జవాబు లేదు. అన్నా, నీకు దండం పెడతాను, ఎలాంటిదో ఒక చిన్న గుర్తన్నా చెప్పు.

జూలై 1, సోమవారం

రంగు. గాలికి లేదు. నీడ. గాజుకు సరిగ్గా లేదు. పేరు. పేరు పెట్టనివి ఎన్నో. చప్పుడు. లేదు. మొదలు. ఏమో. ఇంకొకదాని ఆసరా ఉండటం. ఇది బాగుంది, గోడకు పునాది, చెరువుకు కట్ట, నాకు అన్న. అయితే ఆసరా పోయాక కూడా నేను ఉన్నాను కదా. ఉన్నానా?

జూలై 2, మంగళవారం

సెలవు పెట్టాను. అమ్మకు ఎదురుగా కూర్చుని నాలుగు చెంచాల జావ తాగించాను. నువ్వు తాగవా అని అడిగింది. తాగానన్నాను.

జూలై 4, గురువారం

రేపే. నా దగ్గర ఒక్కటే మిగిలింది. పెద్దబాపు చెప్పినది.

జూలై 5, శుక్రవారం

వదిన పొద్దున్నే వచ్చింది, బోటి తనే కడిగి తనే వండింది. అమ్మ ఆమెను ఏమీ అనలేదు, ఉప్పు చూసి వేయమంది. వంటింట్లో ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు నిలబడి ఉల్లిగడ్డలు కోశారు. మబ్బు పట్టి ఉంది. వీధి చివర ఎవరో బోనాలకు గోడలకు సున్నం వేస్తున్నారు. ఈసారి మా ఇంట్లో బోనం లేదు.

విస్తరి స్లాబు మీదికి తెచ్చాక అందరం నిలబడ్డాం. అమ్మ మళ్లీ రూము అంది. పెద్దబాపు మళ్లీ బండి అన్నాడు. వదిన ఈసారి ముందుకు వెళ్లింది. ఏం చెప్పిందో వినపడలేదు, పెదాలు మాత్రం కదిలాయి. ఆమె వెనక్కి వచ్చి నా భుజం పట్టుకుని నిలబడింది. గట్టిగా పట్టుకుంది. రాలేదు. ఆమె మొహం నేను చూడలేదు.

మీరంతా కిందికి వెళ్లండి, ఇంత మంది ఉంటే ఏ పిట్టా రాదన్నాను. అమ్మను పెద్దబాపు చెయ్యి పట్టి దింపాడు.

ఒక్కదాన్నే కూర్చున్నాను. ఈ నెలలో ఎన్ని మాటలు చెప్పానో ఆ విస్తరికి. ఇది ఒక్కటి చెప్పడానికి నోరు రాలేదు. చివరికి చెప్పాను, మెల్లగా కాదు, మామూలుగా మాట్లాడినట్టే.

"అన్నీ పోతయన్నా. ఉన్నయన్నీ పోతయ్. నువ్వు గూడ పోయినవ్."

చెప్పాక ఆకాశం వైపు చూశాను. వస్తుందని నమ్మాను. నమ్మకం లేదని మొదట్లో రాసుకున్నాను కదా, అదంతా అబద్ధం. మొదటి రోజు నుంచీ నమ్మాను. సరైన మాట చెబితే ఎక్కడి నుంచైనా వస్తాడని, ఈ గోడల మీదుగా, ఈ పొగ గొట్టాల మీదుగా ఎగిరి వస్తాడని నమ్మాను. ఎంత సేపు చూశానో తెలియదు. పావురం కూడా రాలేదు.

అప్పుడు కోపం వచ్చింది. ఇంతకన్నా నిజమైన మాట నా దగ్గర లేదు. ఇదీ కాకపోతే ఏం కావాలి నీకు? అమ్మ చచ్చిపోతుంది, తెలుస్తోందా? ఆట ఆడుతున్నావా? ఇవన్నీ పైకే అన్నాను. తిట్టాను. మా అన్నను నేను ఎప్పుడూ అలా తిట్టలేదు.

బోటి వాసన వస్తోంది. వదిన అల్లం ఎక్కువ వేస్తుంది. నా చెయ్యి విస్తరిలోకి ఎప్పుడు వెళ్లిందో నాకు తెలియదు. పిట్టకు పెట్టింది మనిషి తినకూడదు, చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. ఇంకోటి పెట్టుకున్నాను. ఏడుస్తున్నాను, ముక్కు కారుతోంది, నములుతున్నాను. అంత ఆకలి ఉందని నాకే తెలియదు. బజ్జీ తిన్నాను. అన్నం రెండు చేతులతో తిన్నాను.

తలెత్తితే అమ్మ మెట్ల పైన నిలబడి ఉంది.

నోట్లో ముద్ద మింగలేదు, ఉమ్మలేదు. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. అమ్మ గోడ పట్టుకుని వచ్చి, నా ఎదురుగా కూర్చుంది. విస్తరిని చూసింది. నా చేతులు చూసింది, మణికట్టు దగ్గర పట్టుకుని, చుట్టూ వేళ్లు వేసి చూసింది. ఆమె వేళ్లు కలిశాక కూడా లోపల ఇంకా చోటు మిగిలింది.

"నెల రోజుల సంది నువ్వు తింటలేవు" అంది. "వాడు సూసిండు. నేను సూడలే."

"అమ్మా, కాకి రాలే. నేనే..."

"తిను బిడ్డా. మొత్తం తిను."

మెట్ల వైపు తిరిగి, ఓదెలు బావా, ముట్టింది అని కేకేసింది. కింద నుంచి పెద్దబాపు ఏ పిట్ట, ఎటు దిక్కు నుంచి వచ్చిందని అడుగుతున్నాడు. వదిన పరిగెత్తుకొస్తున్న చప్పుడు. అమ్మ నా విస్తరిలోంచి ఒక ముద్ద తీసి తన నోట్లో పెట్టుకుంది.

జూలై 6, శనివారం

అన్న చనిపోయాడు. మా శ్రీశైలం అన్న. జూన్ 5న, ముత్తంగిలో. ఇది రాయడానికి నాకు ఇన్ని రోజులు పట్టింది.

ఆ ఒక్కటేదో నాకు దొరకలేదు. నిన్న నేను చెప్పింది నిజమే, కానీ అన్న అడిగింది అది కాదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. తనకు తెలిసి అడిగాడో, తెలియకే అడిగాడో కూడా ఇంక తెలియదు. కాకి రాలేదు. నాకు తెలుసు, అమ్మకూ తెలుసు. ఊరంతా మాత్రం వచ్చిందనే చెప్పుకుంటోంది. తానే చూశానని పెద్దబాపు చెబుతున్నాడట.

పొద్దున అమ్మ స్లాబు మీదికి వెళ్లలేదు. గోళీ వేసుకుని, నలుగురికి సరిపడా వండింది, అలవాటు. మా ఇద్దరికీ వడ్డించి, తానూ కూర్చుంది. వదిన పప్పు బాగుందంది. మూడు ముద్దలు తిన్నాక నాకు ఏడుపొచ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. అమ్మ నా కంచంలో ఇంకొంచెం అన్నం వేసింది. ఏడుస్తూనే తిన్నాను.